నిండు నిమిషం చూసే మనిషి

మేజర్ ఆంటీ పోయారని ఆవిడ చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. ఆదివారం ఫరీదాబాద్‌లో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నామనీ, పాపని కూడా తీసుకురమ్మనీ అంది. వస్తామన్నాను. ఫోన్ పెట్టేశాక వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి బాల్కనీలోకి ఊరికే తిరిగాను. ఏడుపు రాలేదు, భయమేసింది. ఆవిడ విషయంలో నేనొక అబద్ధం ఆడాను. అది ఆవిడ బతికుండగా సరిదిద్దలేదు. ఏడేళ్లుగా ఇవాళ, రేపు అనుకుంటూ వచ్చాను.

"ఏమైంది, కాసేపు కూర్చో" అన్నాడు మా ఆయన. కూర్చోలేకపోయాను.

అసలు కూర్చోలేని మనిషంటే ఆవిడే. ఆర్.కె. పురం క్వార్టర్లలో మేం రెండో అంతస్తులో ఉంటే వాళ్లు కింద ఉండేవాళ్లు. క్వార్టర్ చెల్లెలిది, ఆమెది సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం. ఈవిడ మిలిటరీ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసరుగా పనిచేసి మేజర్‌గా రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. శ్రీకాకుళం వైపు మనిషి, అన్ని ఊళ్లు తిరిగినా ఆ యాస మాత్రం వదల్లేదు. గేటు దగ్గర గార్డు సెల్యూట్ కొట్టేవాడు, పిల్లలు మేజర్ ఆంటీ అనేవాళ్లు. ఎవరింటికొచ్చినా కుర్చీ వేస్తే దాని వీపు మీద చెయ్యి ఆనించి నిలబడేవారు. టీ కూడా నిలబడే తాగేవారు, అదీ కిటికీ దగ్గర, బయటికి చూస్తూ. గుమ్మం ముందు చెప్పులు చిందరవందరగా ఉంటే వంగి జతలు కలిపి, ముక్కులు గోడవైపు తిప్పి, అప్పుడు తలుపు తట్టేవారు. బెల్లు ఉన్నా నొక్కేవారు కాదు. రెండుసార్లు టకటకా తట్టడం, అంతే.

ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఆవిడకి ఆగేది కాదు. "ఆఁ, తర్వాత?" అనేవారు. మా పక్కింటి పంజాబీ ఆవిడకి కూడా ఆ రెండు తెలుగు మాటలు వచ్చేశాయి. పనిమనిషి రాలేదని చెప్తే ఆఁ, తర్వాత? మోకాలి నొప్పి అంటే ఆఁ, తర్వాత? మన గోడు సగంలో ఉండగానే ఆవిడ దాని చివర నిలబడి మనకోసం ఎదురు చూస్తున్నట్టుండేది. నాకైతే ఒళ్లు మండేది. నేనూ నెమ్మదస్తురాలిని కాదు, కానీ నన్ను ఎవరైనా తొందరపెడితే ఓర్చుకోలేను.

ఆవిడ కదలకుండా ఉండేది ఒక్క సందర్భంలో. కాలనీలో ఏ పిల్లకి దగ్గొచ్చినా జ్వరమొచ్చినా ఆవిడకి చూపించేవాళ్లు. చేతికి పాతకాలపు ముళ్ల వాచీ ఉండేది. పిల్ల చొక్కా పైకెత్తి, పొట్ట మీద ఒక కన్ను, వాచీ మీద ఒక కన్ను వేసి ఊపిరి లెక్కపెట్టేవారు. నిండు నిమిషం. ఆ నిమిషంలో ఆవిడ రెప్ప కూడా వేసేవారు కాదేమో అనిపించేది. అరనిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే సరిపోదా అని ఒకసారి అడిగాను. "మిగతా అరనిమిషంలో ఆ గుంట ఊపిరి తియ్యదేటి?" అన్నారు. వాళ్ల వైపు పసిపిల్లని గుంట అంటారు.

మా పాప పుట్టిన దగ్గర్నుంచీ ఊపిరి తీస్తే చప్పుడు. గురక కాదు, పిల్లికూతలూ కాదు. కాసేపు తలుపు కిర్రుమన్నట్టు, కాసేపు గొంతులో గరగర. పాలు తాగేటప్పుడు మరీ ఎక్కువ. పిల్లల డాక్టరు చూసి గొంతులో మృదులాస్థి ఇంకా మెత్తగా ఉందనీ, ఊపిరి పీల్చినప్పుడు లోపలికి మడత పడి చప్పుడు చేస్తోందనీ, పెరిగేకొద్దీ గట్టిపడి అదే సర్దుకుంటుందనీ చెప్పాడు. చప్పుడు చేసే పసిపిల్లల్లో ఎక్కువమంది విషయంలో అది నిజమేనట. మా పాప ఆ ఎక్కువమందిలో లేదు, అంతే.

ఈలోగా నవంబరు వచ్చింది. ఢిల్లీలో నవంబరు వస్తే ప్రతి రోగానికీ కారణం సిద్ధంగా ఉంటుంది. గాలి. దగ్గినా గాలే, కళ్లు మండినా గాలే, తలనొప్పి వచ్చినా గాలే. ఎయిర్ ప్యూరిఫయర్ కొన్నాం, నెబ్యులైజర్ కొన్నాం, కిటికీల సందుల్లో గుడ్డలు కుక్కాం. ఎవరైనా పాప చప్పుడు విని మొహం చిట్లిస్తే "పొల్యూషన్" అనేవాళ్లం. వాళ్లు అచ్ఛా అని తలూపేవాళ్లు. ఆ ఒక్క మాట అందరి నోరూ మూయించేది, ముందు నా నోరు.

మా అత్తగారు తెనాలి నుంచి ఆవాల దిండు తెచ్చారు. పలుచటి నూలు గుడ్డలో ఆవాలు పోసి కుట్టిన చిన్న దిండు. దాని మీద పడుకోబెడితే పసిపిల్లల తల గుండ్రంగా కుదురుతుంది. మా పాప దాని మీద ఉండేది కాదు. తల వెనక్కి వాల్చేసి, గడ్డం పైకెత్తి, మెడని విల్లులా వంచేది. మొండిపిల్ల అనేవారు అత్తగారు. తల మళ్లీ దిండు మీదికి జరిపి, కదలకుండా రెండు పక్కలా తువ్వాళ్లు చుట్టి పెట్టేవాళ్లం. అది కష్టపడి వెనక్కి వాల్చుకున్న తలని మేము మళ్లీ మళ్లీ సరిచేసేవాళ్లం, అత్తగారు పగలు, నేను ఆఫీసు కాల్స్ మధ్యలో. ఇప్పుడు తలుచుకుంటే నా చేతుల మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఒకరోజు మధ్యాహ్నం మా కొరియర్ ఏదో వాళ్లింట్లో ఇచ్చి పోతే ఆవిడ తెచ్చారు. గుమ్మంలోనే ఆగి తల తిప్పారు.

"ఆ మిషను ఆపు" అన్నారు, ప్యూరిఫయర్ చూపించి.

ఆపాను. ఆవిడ తిన్నగా మంచం దగ్గరికెళ్లి, పాప చొక్కా ఎత్తి, వాచీ చూస్తూ నిలబడ్డారు. నిమిషం అయ్యాక పాప భుజాల కింద చెయ్యి పెట్టి లేపి, దిండు లాగేసి, తల మెల్లగా వెనక్కి వాలనిచ్చారు. చప్పుడు సగానికి సగం తగ్గింది. మళ్లీ తల ఎత్తి దిండు మీద పెట్టారు. చప్పుడు మొదలైంది. ఇంకోసారి అలాగే చేసి చూపించారు.

"చూసావా? ఇది మొండితనం కాదు. ఊపిరికి దారి చేసుకుంటంది. మెత్తదనమైతే పీల్చినప్పుడే చప్పుడు రావాలి. దీనికి వదిలినప్పుడు కూడా వస్తంది. లోపల ఏటో గాలిగొట్టాన్ని నొక్కుతంది. బేగి పెద్దాసుపత్రికి తీసుకెళ్లు. మెడ సంగతి చెప్పు, పాల సంగతి చెప్పు."

మా అత్తగారికి కోపం వచ్చింది. "మా ఇంట్లో పిల్లలందర్నీ ఆ దిండు మీదే పెంచానండీ. ఒక్కళ్ల తలైనా వంకరగా ఉందా?"

"తల గుండ్రంగానే వస్తాది అమ్మా. నేను ఊపిరి సంగతి చెప్తన్నాను."

"డాక్టరు గారు చూశారు కదా ఆంటీ" అన్నాను నేను.

"ఎంతసేపు చూసాడు? పాలు తాగుతుంటే చూసాడా?"

చూడలేదు. అది నాకు తెలుసు. తెలిసిన సంగతి ఎదుటివాళ్లు అడిగితే వచ్చే కోపం వేరు. ఆఫీసు ఒకపక్క, అత్తగారి మొహం ఒకపక్క, నిద్రలేని నెలలు ఒకపక్క. ఇప్పుడు ఎన్ని కారణాలైనా చెప్పుకోవచ్చు. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది: "మీకు పిల్లలు లేరు కదండీ. కన్నవాళ్లకి తెలియదా?"

అత్తగారు కూడా ఉలిక్కిపడి నా వంక చూశారు.

ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. కొరియర్ పొట్లం బల్ల మీద పెట్టి "ఆఁ, తర్వాత?" అన్నారు.

వెటకారంగా అనలేదు. నిజంగానే, ఆ మాట అయిపోయింది కదా, ఇంక పాప సంగతి చెప్పు అన్నట్టు అడిగారు. నేను ప్యూరిఫయర్ మళ్లీ ఆన్ చేశాను. కాసేపు చూసి ఆవిడ వెళ్లిపోయారు. ఆవిడ తట్టినా తలుపు తియ్యొద్దని ఆ సాయంత్రం అత్తగారికి చెప్పాను. దిండు మళ్లీ పాప తల కిందికి వచ్చింది.

మూడు వారాలు అలా గడిచాయి. చలికాలం ఢిల్లీలో అందరూ చేసినట్టే అత్తగారు పదకొండింటికి పాపని క్వార్టర్ల ముందు పార్కులో ఎండకి కూర్చోబెట్టుకునేవారు, అక్కడే సీసాతో పాలు పట్టేవారు. ఆ వేళకి ఆవిడ కాన్వాస్ బూట్లు, ఆకుపచ్చ స్వెటరు వేసుకుని పార్కు చుట్టూ నడిచేవారు. దగ్గరికి రారు, పలకరించరు. ఒక్కో చుట్టులో ఒక్కసారి ఆగి, పాప చప్పుడు వినబడేంత దూరంలో వాచీ చూసుకుంటూ నిలబడి, మళ్లీ నడిచేవారు. పైన బాల్కనీలోంచి నేను ఇదంతా చూస్తూ పళ్లు నూరేదాన్ని. నా పిల్లకి ఈవిడని కాపలా ఎవరు పెట్టారు? కిందికెళ్లి కడిగేద్దామని రెండుసార్లు చెప్పులు వేసుకున్నాను కూడా. ఏదో మీటింగ్ వచ్చి ఆగిపోయాను.

ఒక గురువారం పొద్దున పాలు తాగుతూ తాగుతూ పాప దగ్గింది. రేకు డబ్బా మీద కొట్టినట్టు, పిల్లల దగ్గులా లేదది. తర్వాత చప్పుడే లేదు. పెదాలు నీలంగా మారాయి. నేను పాపని ఎత్తుకుని కేకలు పెడుతూ మెట్లు దిగుతుంటే ఆవిడ అప్పటికే మెట్లెక్కి వస్తున్నారు. నా చేతుల్లోంచి పాపని లాక్కుని, బోర్లా తిప్పి వీపు తట్టి, నోట్లో పాలు తుడిచి, మెడ వెనక్కి వాల్చి పట్టుకున్నారు. ఊపిరి అందింది, గరగరలాడుతూ. ఆ చప్పుడు అంత తియ్యగా నాకు ఎప్పుడూ వినబడలేదు. ఆటోలో ట్రాఫిక్ చూసి నేను ఏడుస్తుంటే "రోడ్డు డ్రైవరు చూసుకుంటాడు. నువ్వు దీన్ని చూడు" అని కసిరారు.

క్యాజువాలిటీలో జూనియర్ డాక్టరు స్టెత్ పెట్టి, "పొల్యూషన్ హై మేడమ్, ఆజ్‌కల్ సబ్ బచ్చోఁ కో హై" అంటూ నెబ్యులైజర్ రాయబోయాడు. ఇన్నాళ్లూ నేను అందరికీ చెప్పిన మాటే నాకు తిరిగి వచ్చింది. ఆవిడ స్వెటరు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి అతని ముందు పెట్టారు. ఇంగ్లీషులో, వార్డు చార్టుల్లో రాసే పెద్దక్షరాల్లో, వరసగా తేదీలూ వేళలూ. ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు. పాలు తాగుతూ ఎన్నిసార్లు ఆగింది. మెడ ఎటు ఉంది, అప్పుడు చప్పుడు పెరిగిందా తగ్గిందా. మూడు వారాల్లో ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. ఆ కుర్రడాక్టరు మొదటి నాలుగు వరసలు చదివి, పెన్ను మూత పెట్టి, లోపలికెళ్లి సీనియర్‌ని తీసుకొచ్చాడు.

స్కాన్‌లో బయటపడింది. గుండెలోంచి బయల్దేరే పెద్ద రక్తనాళం ఒకటే వంపు తిరిగి కిందికి దిగాలి. మా పాపకి అది రెండుగా చీలి, గాలిగొట్టాన్నీ అన్నవాహికనీ మధ్యలో ఇరికించుకుని, వెనక మళ్లీ కలిసింది. పుట్టుకతోనే ఉంగరం పడిందన్నమాట. చాలా అరుదు అన్నాడు సీనియర్. రెండు పాయల్లో సన్నదాన్ని కోసి విడదీస్తే గొట్టాలు వదులవుతాయని బొమ్మ గీసి చెప్పాడు. మెడ వెనక్కి వాలిస్తే గాలిగొట్టం కాస్త సాగి దారి ఇస్తుందట. ఆ సంగతి మా అయిదు నెలల పిల్ల తనంతట తనే కనుక్కుంది.

నా అబద్ధం ఆ మర్నాడు. వార్డులో పాప మంచం చుట్టూ మా ఆయన, అత్తగారు, నేను. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. సీనియర్ డాక్టరు అయిదారుగురు విద్యార్థులతో వచ్చాడు, చేతిలో ఆ కాగితం.

"ఇది ఎవరు రాశారు? మెడ సంగతి ముందు ఎవరు కనిపెట్టారు?" అని హిందీలో అడిగాడు.

మా ఆయన నా వైపు చూశాడు. అతనికి ఆ మూడు వారాల సంగతి ఏమీ తెలియదు. ఆవిడని ఇంట్లోకి రానివ్వలేదని తెలియదు, నేనన్న మాట తెలియదు. నిజం చెప్తే వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: మరి మూడు వారాలు ఎందుకు ఆగారు?

"నేనే" అన్నాను.

అత్తగారు తల దించుకున్నారు. దిండు అత్తగారిది, మాట నాది. ఇద్దరం ఒకే పడవలో ఉన్నాం. డాక్టరు విద్యార్థులకేసి తిరిగి తల్లి చెప్పేది ఎప్పుడూ శ్రద్ధగా వినాలని పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్లు రాసుకున్నారు. ఒకమ్మాయి నన్ను చూసి నవ్వింది. మధ్యలో అతను ఎందుకో కిటికీ వైపు చూసి "ఆప్?" అన్నాడు.

"నేను పక్కింటిదాన్ని డాక్టర్ సాబ్. కనిపెట్టింది మదరే" అన్నారు ఆవిడ.

ఆపరేషన్ బాగా జరిగింది. ఎడమ చంక కింద సన్నటి గీత మిగిలింది. చప్పుడు మాత్రం ఒక్కసారిగా పోలేదు. ఇన్నాళ్లూ నొక్కుకుపోయిన గొట్టం గట్టిపడడానికి నెలలు పడుతుందని ముందే చెప్పారు. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున ఆవిడ తలుపు టకటకా తట్టారు. వాచీ విప్పి నా చేతికి కట్టి, "లెక్కపెట్టు, నిండా నిమిషం" అన్నారు. నలభై సెకన్ల దగ్గర నా ధ్యాస ఫోన్ మీదికి పోయింది. "మళ్లీ." ఇంకోసారి తప్పాను. "మళ్లీ." రోజూ పొద్దునా సాయంత్రం అదే పని, ఆరు నెలలు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఆ రోజు ఎందుకలా చెప్పారు ఆంటీ? నేను కాదని మీకు తెలుసు కదా."

"కనిపెట్టిన తల్లివని పెద్దడాక్టరు ముందు అన్నావు. ఇంక దీన్ని కనిపెట్టుకోక చస్తావేటి?"

"క్షమించండి. ఆ రోజు మిమ్మల్ని అన్న మాట..."

"ఆఁ, తర్వాత?"

నాకు ఇంకో అనుమానం ఉండేది. ఇంత పట్టుదల వెనక ఆవిడ జీవితంలో ఏదో పోయిన పిల్ల, ఏదో తీరని దుఃఖం ఉండి ఉంటుందని. అదీ అడిగాను. ఆవిడ పగలబడి నవ్వారు. ఆవిడ అంతగా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. "ప్రతి దానెనకా ఒక చచ్చిపోయిన గుంట ఉండాలేటి? కళ్లున్నాయి, చూసాను. చలో, లెక్కపెట్టు."

తర్వాత చెల్లెలు రిటైరై ఇద్దరూ ఫరీదాబాద్‌లో ఫ్లాట్ కొనుక్కుని వెళ్లిపోయారు. నా అబద్ధం మాత్రం ఇంట్లోనే ఉండి పాపతోపాటు పెరిగింది. తెనాలిలో చుట్టాలందరికీ తెలుసు, మా కోడలు డాక్టర్లనే మించిపోయిందని. మా ఆయన ఆఫీసులో చెప్పుకుంటాడు. పాప స్కూల్లో స్నేహితులకి చంక కింద గీత చూపించి "మమ్మానే పకడా థా" అంటుంది, కనిపెట్టింది మమ్మాయేనని. ప్రతిసారీ లోపల ఏదో గుచ్చుకునేది. నవ్వి ఊరుకునేదాన్ని. ఫరీదాబాద్ రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ తిరుగు మెట్రోలో మా ఆయనకి చెప్పేద్దామనుకుని, స్టేషన్లు లెక్కపెట్టుకుంటూ ఇంటికొచ్చేశాను.

ఆదివారం కూడికకి ముగ్గురం వెళ్లాం. హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పాటలయ్యాక పాస్టరు గారు వాక్యం చదివారు. ఆ తర్వాత సాక్ష్యాలు. పోయినవాళ్ల వల్ల మేలు పొందినవాళ్లు ఒక్కొక్కరే లేచి, మైకు తీసుకుని, అందరి ముందూ చెప్తారు. ఒక రిటైర్డ్ హవల్దార్ చెప్పాడు. ఒక నర్సు చెప్తూ ఏడ్చింది. నేను వెనక వరసలో పాప చెయ్యి పట్టుకుని, ఎప్పుడు అయిపోతుందా అని చూస్తున్నాను.

చివర్లో చెల్లెలు లేచింది. "మా అక్క ఎప్పుడూ ఒక తల్లి గురించి చెప్పేది. ఆర్.కె. పురంలో మా పైనుండేవారు. పెద్దపెద్ద డాక్టర్లకి దొరకని జబ్బుని ఆ తల్లే కనిపెట్టింది, నేను కాదు, అని అక్క వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఆ తల్లీ, ఆ పాపా ఇవాళ వచ్చారు. రెండు మాటలు చెప్పమ్మా."

అందరూ వెనక్కి తిరిగారు. చప్పట్లు కొట్టబోయి ఎవరో ఆగిపోయారు. మైకు చేతులు మారి నా దాకా వచ్చింది. లేచాను. పాప కూడా గర్వంగా నా పక్కన లేచి నిలబడింది.

"కనిపెట్టింది నేను కాదండీ" అన్నాను. "ఆవిడే. మొదటి రోజే చెప్పారు. నేను ఆవిడకి పిల్లల్లేరని ఎత్తిపొడిచి తలుపు వేసేశాను. మూడు వారాలు. ఆ మూడు వారాలూ ఆవిడ పార్కులో నిలబడి రాసుకున్న కాగితం వల్ల ఇది బతికింది. నేను రాశానని డాక్టరుకి అబద్ధం చెప్పాను."

మా ఆయన వైపు చూసే ధైర్యం లేకపోయింది. పాప నా చేతిలోంచి తన చెయ్యి లాక్కుంది. తల పూర్తిగా పైకెత్తి నా మొహంలోకి చూసి, మరి అబద్ధం ఎందుకు చెప్పావని గట్టిగా, హాలంతా వినబడేట్టు అడిగింది.

"మమ్మా, తో ఫిర్ ఝూఠ్ క్యోఁ బోలా?"

మైకు ఇంకా నా నోటి దగ్గరే ఉంది.

"భయమేసిందమ్మా" అన్నాను.